మొరిగిన టోపీ

మా పెద్దమ్మ తయారుచేసిన పెట్టె రైల్లో ఏడ్చినందుకు మా అమ్మ పోలీసుల ముందు నిలబడాల్సి వచ్చింది. ఈ మాట చెబితే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. పెట్టె ఏడవడమేమిటని అడుగుతారు. నిజంగానే ఏడ్చింది. అదీ చంటిపిల్ల ఏడ్చినట్టు, గుక్కపట్టి.

పెద్దమ్మది బొమ్మలు బాగుచేసే పని. పెళ్ళికి ముందు నుంచీ ఒక బొమ్మల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసేది. తయారైన బొమ్మలు అట్టపెట్టెల్లోకి వెళ్ళేముందు ఒక్కొక్కదాన్నీ ఆడించి చూడటం, కదలనిదాన్నీ పలకనిదాన్నీ పక్కన పెట్టడం ఆమె వంతు. పక్కన పెట్టినవన్నీ చెత్తలోకి పోతుంటే ప్రాణం ఒప్పక, వాటిని విప్పి లోపలేముందో చూడటం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి ముందుగదిలోనే దుకాణం పెట్టుకుంది. వీధివైపు కిటికీ, కిటికీ కింద పొడుగాటి బల్ల, బల్ల మీద మెడ వంగే దీపం, పక్క గోడకు చిన్న చిన్న సొరుగులు. ఒక సొరుగులో కళ్ళు, ఒకదాంట్లో చక్రాలు, ఒకదాంట్లో స్ప్రింగులు, ఒకదాంట్లో గొంతులు. గొంతులంటే బొమ్మ కడుపులో ఉండి అరిచే చిన్న చిన్న స్పీకర్లు. ఆ సొరుగును ఎవరైనా విసురుగా లాగితే లోపల్నుంచి పిల్లీ కోడీ చంటిపిల్లా ఒక్కసారే పలికేవి. పాలవాడు ఒకసారి అది విని చెంబు వదిలేశాడు.

పెదనాన్న బస్సు డ్రైవరు. దూరపు ఊళ్ళకు తోలేవాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూనే ఆ రోజు బస్సులో ఎవరు ఏ తిప్పలు పడ్డారో చెప్పడం ఆయన అలవాటు. ఒకావిడ తడి గొడుగు పక్కాయన ఒళ్ళో పెట్టేసిందనో, ఒక ముసలాయన తల నిద్రలో కిటికీకి టకటకా కొట్టుకుంటూనే ఉందనో, ఎవరి టీ ఎవరి చొక్కా మీద ఒలికిందనో చెప్పేవాడు. పెద్దమ్మ ఊ కొడుతూ వినేది. రెండు మూడు రోజుల్లో ఆ తిప్పలకు ఏదో ఒక ఉపాయం బల్ల మీద తయారుగా ఉండేది. తడి గొడుగుకు అడుగున స్పాంజి ఉన్న తొడుగు. నిద్రలో తల వాలిపోకుండా సీటుకు తగిలించుకునే పట్టీ. బస్సు ఎంత కుదిపినా టీ ఒలకకుండా గ్లాసును ఊయలలా వేలాడదీసే చట్రం. క్లిప్పులు అక్కర్లేని బట్టల తాడు ఒకటి చేసింది. సాగే తాళ్ళను జడలా మెలిపెట్టి రెండు కొసలా కొక్కేలు తగిలించింది. బట్ట అంచును ఆ మెలికలో దూరిస్తే ఎంత గాలికీ ఊడదు.

చెప్పేది ఆయన, చేసేది ఆవిడ, వాడేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. పెదనాన్న అయితే వాటి ఛాయలకే వెళ్ళేవాడు కాదు. ఒక్కసారైనా ఆ గ్లాసు చట్రం తీసుకెళ్ళమని పెద్దమ్మ బతిమాలితే, నా బస్సులో నీ సర్కసు వద్దు అనేవాడు.

వాడక తప్పని మనిషి ఒక్కతే ఉంది. మా అమ్మ. చెల్లెలు కదా, ఎక్కడికి తప్పించుకుపోతుంది? పెద్దమ్మ ఏది చేసినా మొదట అమ్మ చేతికే వచ్చేది. ఏడ్చే పెట్టె కూడా అలా వచ్చిందే. బస్సులో ఎవరిదో పెట్టె దొంగ ఎత్తుకుపోయాడని పెదనాన్న చెప్పిన మర్నాడు, పెద్దమ్మ ఒక ఏడుపు బొమ్మ గొంతు తీసి పెట్టె పిడిలో అమర్చింది. మీట వేసి ఉంచితే ఆ పిడి పట్టుకుని ఎవరు ఎత్తినా ఏడుపు మొదలవుతుంది. అమ్మ రైలెక్కి, మీట వేసి, పెట్టెను సీటు కిందికి తోసి కునుకు తీసింది. ఎదుటి సీటాయన పాపం మర్యాదస్తుడు. తన సంచీకి చోటు చేసుకుందామని పెట్టెను కాస్త పక్కకు జరపబోయాడు. లోపల పసిపిల్ల గుక్కపట్టింది. ఆయన పెట్టె వదిలేసి రెండు చేతులూ పైకెత్తి కొయ్యబారిపోయాడు. బోగీ బోగీ అంతా లేచి నిలబడింది. అమ్మకు మెలకువ వచ్చి, కంగారులో మీట సంగతే మర్చిపోయి, "ఏం లేదండీ, అది నాదే" అంది. ఆ మాటతో వ్యవహారం ఇంకా ముదిరింది. తర్వాతి స్టేషన్లో పోలీసులు ఎక్కి పెట్టె తెరిపించారు. మడతపెట్టిన బట్టలూ తువ్వాలూ తీసి పక్కన పెడుతున్న పోలీసాయన, ఖాళీ పెట్టె మళ్ళీ ఏడ్చేసరికి ఒక అడుగు వెనక్కి వేశాడట. అమ్మ ఇంటికొచ్చాక, ఇక జన్మలో అక్క చేతి వస్తువు ముట్టనని నెత్తీ నోరూ బాదుకుంది. అది విని పెదనాన్న అంతలా నవ్వడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

అవి నవ్వుకునే రోజులు. అసలు జరిగింది ఆ తర్వాత.

ఒక సాయంత్రం పెదనాన్న అన్నం తింటూ, ఆ రోజు దారిలో రోడ్డు పనుల గురించి చెబుతున్నాడు. మాట మధ్యలో ఆయన తల ముందుకు వాలింది. చేతిలోని నీళ్ళ గ్లాసు జారి కింద పడింది. పెద్దమ్మ లేచి దగ్గరికి వెళ్ళేలోపే ఆయన తలెత్తి, ఎక్కడ ఆపాడో ఆ మాట దగ్గరి నుంచే మళ్ళీ మొదలుపెట్టాడు. కాళ్ళ దగ్గర నీళ్ళు చూసి, "గ్లాసు ఎవరు పడేశారు?" అని అడిగాడు. తల వాలిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

పెద్దమ్మ ఇలాంటిదే అంతకుముందు వారం కూడా ఒకసారి చూసింది. బూటు తాడు కట్టుకుంటూ వంగినవాడు అలాగే కాసేపు ఉండిపోయాడు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు రెండూ కలిపి చూసుకుంటే ఆమెకు ఒకటే తోచింది. మనిషికి నిద్ర చాలడం లేదు, కూర్చున్నచోటే కునుకు పట్టేస్తోంది. బస్సులోనూ ఇలాగే పడితే? సెలవు పెట్టమని అడిగింది. ఆయన నవ్వి కొట్టిపారేశాడు. ఆమె వదల్లేదు. చివరికి ఆయనకు కోపం వచ్చి, ఇన్నేళ్ళలో బస్సుకు ఒక గీత కూడా పడనివ్వలేదని, బొమ్మలు తిప్పుకునేదానివి బండి గురించి నాకు చెప్పొద్దని అనేశాడు.

ఆ రాత్రి ఆయన పడుకున్నాక పెద్దమ్మ ఆయన డ్రైవరు టోపీ తీసుకుని బల్ల ముందు కూర్చుంది. చిన్న గొట్టంలో ఇనుప గుండు ఒకటి వేసింది. తల నిలబడి ఉన్నంతసేపూ గుండు వెనక ఉంటుంది. తల ముందుకు వాలితే దొర్లుకుంటూ వచ్చి తీగలకు తగులుతుంది. ఊరికే ఒకసారి వంగినందుకల్లా అరవకుండా, వంగి అలాగే ఉండిపోతేనే పలికేలా కుదిర్చింది. గొంతుల సొరుగులో అన్నిటికన్నా గట్టిగా అరిచేది కుక్క గొంతు. దాన్నే పెట్టింది. టోపీ లోపలి గుడ్డ విప్పి, అంతా అందులో సర్ది, మళ్ళీ కుట్టేసింది. ఆయనకు చెప్పలేదు. చెబితే పీకి పారేస్తాడని తెలుసు.

మర్నాడు మా అమ్మ ఆయన బస్సులోనే ఉంది. అక్కను చూడటానికి వచ్చి తిరిగి మా ఊరు వస్తోంది. బావ తోలే బస్సయితే డ్రైవరు వెనక సీటే ఎప్పుడూ ఆమెది. టోపీ సంగతి ఆమెకు కూడా పెద్దమ్మ చెప్పలేదు.

మధ్యాహ్నం. భోజనాల దగ్గర ఆగి మళ్ళీ బయలుదేరారు. బస్సు నిండా జనం. సగం మంది కళ్ళు మూసుకుని ఉన్నారు. కొండదారి మొదలై బస్సు ఎగువకు ఎక్కుతోంది. అమ్మ కిటికీలోంచి చూస్తోంది. ఉన్నట్టుండి ఆమె మోకాళ్ళ ముందే కుక్క మొరిగింది.

మా అమ్మకు కుక్కంటే ప్రాణభయం. వీధిలో కుక్కపిల్ల కనబడినా పక్క వీధిలోంచి వచ్చే మనిషి. సీటు మీదికి ఎక్కేసినంత పని చేసింది. కింద చూసింది, పక్కన చూసింది. కుక్క ఎక్కడా లేదు. అరుపు మాత్రం ఆగడం లేదు. అది డ్రైవరు సీటు దగ్గరి నుంచే వస్తోందని తెలిసి తల ముందుకు పెట్టి చూసింది. అప్పుడు కనిపించాడు బావ. గడ్డం గుండెలకు ఆనుకుపోయింది. చేతులు స్టీరింగు మీద నుంచి జారి ఒళ్ళో పడి ఉన్నాయి. మొరుగుతున్నది ఆయన తల.

తర్వాత ఏం జరిగిందో అమ్మ సరిగా చెప్పలేదు. తాను అరిచానో లేదో కూడా తెలియదంటుంది. కండక్టరమ్మ మాత్రం చెప్పింది. ఆమె బస్సు మధ్యలో ఉందట. కుక్కను ఎవడెక్కించాడని తిట్టుకుంటూ ముందుకు వస్తుంటే, మా అమ్మ ఆమె చెయ్యి పట్టి లాగి డ్రైవరు వైపు చూపించిందట. ఆ కండక్టరమ్మ గట్టి మనిషి. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఒక చేత్తో హ్యాండ్ బ్రేకు లాగింది. ఎగువ దారి కాబట్టి, పెదనాన్న కాలు జారిపోయాక బస్సు వేగం అప్పటికే తగ్గిపోతోంది. లోయ వైపు వెళ్ళబోతున్న ముందు చక్రం కొండ వైపు తిరిగి, రోడ్డు పనులకని పోసిన కంకరగుట్టలోకి దిగబడి ఆగింది. సంచులు కింద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

బస్సు ఆగినా కుక్క ఆగలేదు. కండక్టరమ్మ పెదనాన్న తల ఎత్తబోతూ టోపీ తీసింది. టోపీ ఆమె చేతిలో మొరిగింది. ఆమె కెవ్వుమని దాన్ని తలుపులోంచి బయటికి విసిరేసింది. అది పొదల్లో పడి అక్కడా మొరుగుతూనే ఉంది. బస్సంతా నోరు వెళ్ళబెట్టి పొదల వైపు చూస్తుంటే, పెదనాన్న కళ్ళు తెరిచాడు. చుట్టూ చూశాడు. పెద్ద గొంతుతో, పూర్తి డ్రైవరు దర్జాతో అడిగాడు.

"నా బస్సులో కుక్కనెవరు ఎక్కించారు?"

అప్పుడు ఏడ్చింది మా అమ్మ.

ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. పెద్దమ్మ అప్పటికే వచ్చి వరండాలో నిలబడి ఉంది. పెదనాన్న ఛాతీకి తీగలు అంటించి కాగితం మీద గీతలు తీశారు. ఆయన మంచం మీద లేచి కూర్చుని, తనకేం కాలేదని, బస్సు అక్కడ అడ్డంగా ఉండిపోయిందని, వెళ్ళి తీయాలని గొడవ పెడుతున్నాడు. డాక్టరు ఓపికైన మనిషి. ఆ గీతలు చూపిస్తూ మాకు అర్థమయ్యేలా చెప్పాడు. గుండె కొట్టుకోవడానికి లోపల్నుంచి సన్నటి కరెంటు లాంటిది అందుతూ ఉండాలట. పెదనాన్నకు అది ఉండుండి అందడం లేదు. అందనప్పుడు గుండె కొన్ని క్షణాలు ఆగిపోతోంది, మనిషి స్పృహ తప్పుతున్నాడు, మళ్ళీ తనంతట తనే కొట్టుకుంటోంది.

"అంటే నిద్ర కాదా?" అంది పెద్దమ్మ.

"నిద్ర కాదమ్మా. గుండె ఆగడం."

భర్త తల వాలడం పెద్దమ్మ కళ్ళారా చూసింది. చూసి ఆసుపత్రికి తీసుకురాలేదు, బల్ల దగ్గరికి వెళ్ళింది. అందరూ ఆమెను మెచ్చుకోవడం ఆ తర్వాత మొదలైంది గానీ, ఆ మెప్పు ఆమె చెవిన ఎప్పుడూ పడలేదు. నిద్ర అనుకున్నాను, నిద్ర అనుకున్నాను అని ఆ సాయంత్రమంతా అమ్మతో అంటూనే ఉంది.

అప్పుడే కండక్టరమ్మ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచీ. పామును తెచ్చినట్టు చెయ్యి చాచి ఒంటికి దూరంగా పట్టుకుని ఉంది. పొదల్లోంచి ఎవరితోనో తీయించానని, ఇది అప్పుడప్పుడూ ఇంకా మొరుగుతోందని చెప్పి మంచం చివర పెట్టింది. సంచీ నిజంగానే ఒకసారి మొరిగింది. నర్సు చేతిలోని ట్రే గలగలమంది. డాక్టరు సంచీ వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు. అమ్మకు మాత్రం వెంటనే వెలిగింది. ఏడ్చే పెట్టె మోసిన మనిషి కదా.

"అక్కా..." అంది.

పెదనాన్న టోపీ తీసి, లోపలి కుట్టు మీద వేలితో తడిమాడు. ఆ కుట్టు ఎవరిదో ఆయనకు తెలుసు.

"నా నెత్తిన కుక్కని పెట్టావా?" అన్నాడు.

"నిద్రనుకున్నానండీ."

"నిద్రో చావో. నన్నడగలేదు నువ్వు."

ఆమె వల్లే అంతమంది బతికారని కండక్టరమ్మ చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

మర్నాడు డాక్టరు పేస్‌మేకర్ పెట్టాలన్నాడు. మెడ ఎముక కింద, చర్మం లోపల పెట్టే చిన్న లోహపు డబ్బీ. దాంట్లోంచి ఒక తీగ గుండెలోకి వెళుతుంది. గుండె ఆగబోయినప్పుడల్లా అది సన్నగా ఒక దెబ్బ వేసి నడిపిస్తుంది. పెదనాన్న నిర్ఘాంతపోయి వింటున్నాడు. ఇంట్లో గ్లాసు చట్రం కూడా ముట్టని మనిషి ఒంట్లోనే బ్యాటరీ పెడతామంటున్నారు. పెద్దమ్మకు మాత్రం ఆ మాటలతో ప్రాణం లేచొచ్చింది. ఆ బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది, అయిపోతే ఎలా తెలుస్తుంది, అయస్కాంతం దగ్గరికి వస్తే ఏమవుతుంది, లోపలి తీగ అరిగిపోదా అని అడుగుతూనే ఉంది. డాక్టరు విసుక్కోలేదు. సొరుగులోంచి నమూనా డబ్బీ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. ఇద్దరూ ఆ డబ్బీ మీదికి వంగి మాట్లాడుకుంటుంటే మంచం మీద నుంచి పెదనాన్న గొంతు వినిపించింది.

"నేను నీ బల్ల మీద బొమ్మను కాను."

పెద్దమ్మ డబ్బీని డాక్టరుకు తిరిగి ఇచ్చేసి బయటికి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన ఇంటికొచ్చాడు. తల వాలడం, గ్లాసులు జారడం ఆగిపోయాయి. అంతా కుదుటపడిందని మేమనుకుంటుండగా డిపో నుంచి కబురొచ్చింది. గుండెకు ఇలాంటిది పెట్టినవాళ్ళ చేతికి జనంతో ఉన్న బస్సు ఇవ్వకూడదని అక్కడి నియమమట. ఉద్యోగం పోదు. కొత్త డ్రైవర్లకు నేర్పే వ్యానులో, నేర్చుకునేవాడి పక్క సీట్లో కూర్చోవాలి. పెదనాన్నకు పిడుగు పడ్డట్టయింది. ఆయనకు గుండె ఆగిందన్న మాట అంత తగల్లేదు గానీ, స్టీరింగు పోయిందన్న మాట తగిలింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఇంట్లో ఉన్న మనిషి మీద చూపించాడు. తిట్టడం అయితే బాగుండేది. మాట్లాడటం మానేశాడు. ఉప్పు కావాలంటే ఉప్పు గిన్నె వైపు చూసేవాడు. డిపోలో నేర్చుకునేవాళ్ళతో ఏం జరిగిందో, ఎవరు ఏ తిప్పలు పడ్డారో ఇంటికొచ్చి చెప్పడం కూడా ఆగిపోయింది.

పెద్దమ్మ బల్ల మీద పాత దుప్పటి కప్పేసింది. పిల్లలు విరిగిన బొమ్మలు పట్టుకుని వస్తే, ఒంట్లో బాగోలేదని చెప్పి పంపేది. అమ్మా నేనూ ఒకసారి వెళ్ళినప్పుడు ఆ ఇల్లు చూసి అవాక్కయ్యాం. ఎప్పుడూ ఏదో ఒకటి టిక్కుటిక్కుమంటూ, గిరగిరా తిరుగుతూ ఉండే గది చడీచప్పుడూ లేకుండా ఉంది. అమ్మ ఉండబట్టలేక, "నాకేదైనా చేసివ్వవే అక్కా, మోస్తాను" అంది. జన్మలో ముట్టనన్న మనిషి తనంతట తనే అడిగింది. పెద్దమ్మ నవ్వలేదు. ఇంకెవరి నెత్తినా ఏమీ పెట్టనని చెప్పింది.

ఇలా చాలాకాలం నడిచింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఎదురెదురు గదుల్లో అద్దెకున్నవాళ్ళలా ఉన్నారు.

ఒక పొద్దున పెద్దమ్మ వంటింట్లో టీ కాస్తోంది. పెదనాన్న డిపోకు వెళ్ళడానికి తయారై వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టీ కోసమనుకుని ఆమె వెనక్కి తిరగకుండానే గ్లాసు జరిపింది. ఆయన తీసుకోలేదు. తిరిగి చూస్తే, చొక్కా పై గుండీలు విప్పి నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ చోటును ఆమె కంట పడనివ్వలేదు ఎన్నడూ. ఎడమవైపు మెడ ఎముక కింద చర్మం చిన్న అగ్గిపెట్టె దాచుకున్నట్టు ఉబ్బి ఉంది. దాని చుట్టూ ఎర్రగా కమిలిపోయి, ఒకచోట తోలు లేచింది.

"బెల్టు ఒరుసుకుంటోంది" అన్నాడు.

ఆమెకు చేతిలోని పట్టుకారు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయన గోడ వైపు చూస్తూ చెప్పుకుపోయాడు. డ్రైవరు సీట్లో బెల్టు కుడి భుజం మీదుగా వస్తుంది కాబట్టి ఏ బాధా ఉండేది కాదు. పక్క సీట్లో ఎడమ భుజం మీదుగా వస్తుంది, సరిగ్గా దాని మీదే పడుతుంది. నేర్చుకునేవాడు బ్రేకు తొక్కినప్పుడల్లా నొక్కుకుంటుంది. రోజంతా వాళ్ళు తొక్కేది బ్రేకే. బెల్టు తీసేద్దామంటే కుర్రాళ్ళకు నేర్పేది ఆయనే, ఆయనే తీస్తే ఎలా? డాక్టరును అడిగితే మధ్యలో మెత్తటిదేదైనా పెట్టుకోమన్నాడు. చేతిరుమాలు పెడితే జారిపోతోంది.

"ఏమైనా చెయ్యగలవా?" అన్నాడు.

పెద్దమ్మ పొయ్యి ఆపింది. చెయ్యి తుడుచుకుంది. దగ్గరికి వెళ్ళి ఆగి, "చూడొచ్చా?" అని అడిగింది.

ఆయన ఊ అన్నాడు. ఆమె వేలు ఆ ఉబ్బు అంచున ఆనించి, మెల్లగా చుట్టూ తిప్పింది. ఆయన ఉలిక్కిపడి మళ్ళీ కుదురుగా నిలబడ్డాడు. చెయ్యి చల్లగా ఉందన్నాడు. అన్ని నెలల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మామూలు మాట అదే. ఆ మాట మా అమ్మకు చెబుతూ పెద్దమ్మ ఏడ్చింది.

ఆ రోజు బల్ల మీద దుప్పటి తీసేసింది. మొదటిది ఒక మెత్తటి దిండు ముక్క, చొక్కా లోపల పెట్టుకునేది. అది పెట్టుకుంటే భుజం మీద వంకాయ మొలిచినట్టుందని ఆయన ఒప్పుకోలేదు. రెండోది బెల్టుకే కట్టింది. వ్యాను మలుపు తిరిగేసరికి అది జారి ఒళ్ళోకి వచ్చేసింది. మూడోసారి పాత బూట్ల లోపలి మెత్తలు తెచ్చి, వాటిని గుండ్రటి గాడి వచ్చేలా కోసింది. ఉబ్బు చుట్టూ మెత్త ఉంటుంది, ఉబ్బు మీద ఖాళీ ఉంటుంది. బెల్టు వంతెనలా ఆ ఖాళీ మీద నుంచి పోతుంది. బెల్టు చుట్టూ తొడిగి అంటించుకునేలా, వదులు కాకుండా, మెలిక పడకుండా కుట్టింది. ఇంట్లో కుర్చీకి తాడు కట్టి, ఆయన్ను కూర్చోబెట్టి, వెనక నుంచి లాగి చూసింది. ఆ సమయానికి ఎవరో బొమ్మ పట్టుకుని వచ్చి, పెద్దమ్మ భర్తను కుర్చీకి కట్టేసి లాగుతుంటే చూసి, మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోయారట. దాన్ని డాక్టరుకు చూపించాకే ఆయన వ్యానులో పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, ఒక కుర్రాడు రివర్సు గేరనుకుని ముందుకు పోనిచ్చి డిపో గోడను ముద్దుపెట్టుకున్న సంగతి మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఊ కొట్టింది.

డాక్టరు అలాంటివి ఇంకొన్ని కావాలన్నాడు. డబ్బీ పెట్టించుకున్నవాళ్ళు ఆమె దగ్గరికి వస్తున్నారు. ఎవరి ఉబ్బు ఎక్కడుందో కొలిచి, అడిగి, వాళ్ళు సరేనన్నాకే కుడుతుంది పెద్దమ్మ. పెదనాన్నకూ ఆమెకూ మధ్య అంతా మునుపటిలా అయిపోయిందని చెప్పను. టోపీ మాట వస్తే ఆయన ఇప్పటికీ లేచి అవతలికి వెళ్ళిపోతాడు. ఆమె కూడా ఆ కుక్క గొంతును మళ్ళీ ఏ బొమ్మకూ వాడలేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా తలుపు చప్పుడైంది. అమ్మ తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. గుమ్మంలో ఇద్దరూ ఉన్నారు. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరూ కలిసి మా ఇంటికి రావడం అదే మొదటిసారి. వస్తే ఆయన బస్సు తోలుకుంటూ వచ్చేవాడు, ఆమె ప్రయాణికురాలిగా వచ్చేది, స్టాండులో దిగబెట్టి ఆయన అటే వెళ్ళిపోయేవాడు.

"బస్సులోనే వచ్చావా బావా? సీట్లో కూర్చునా?" అంది అమ్మ.

"సీట్లో కాక నెత్తిన కూర్చుంటానా? మా దగ్గర నేర్చుకున్నవాడే తోలాడు."

ఎలా తోలాడని అమ్మ అడిగింది. పెదనాన్న బూట్లు విప్పుతూ, "వంపుల దగ్గర కొంచెం తొందర. మిగతాదంతా బాగానే తోలాడు" అన్నాడు.

పెద్దమ్మ కుర్చీలో కూలబడి కాలు పైకెత్తి వేళ్ళు నొక్కుకుంటోంది. దారంతా ఈయన బ్రేకు తొక్కుతూనే ఉన్నాడని, ఆ బ్రేకు తన కాలి మీదే ఉందని, వేళ్ళు నుజ్జయిపోయాయని చెప్పింది. పెదనాన్న కాదనలేదు. మంచినీళ్ళు కావాలా అని ఆమెను అడిగి, తనే లోపలికి వెళ్ళాడు.